డైపర్ పొడిగా ఉందని సంబరపడకండి: స్పైనా బైఫిడా ఉన్న పిల్లల మూత్రాశయాన్ని ఇంట్లో ఎలా చూసుకోవాలి

స్పైనా బైఫిడా అంటే కడుపులో ఉన్నప్పుడే బిడ్డ వెన్ను సరిగ్గా మూసుకోకపోవడం. పుట్టగానే వీపు మీద గడ్డకి ఆపరేషన్ అయింది, కుట్లు మానాయి, తలలో నీరు చేరుతోందంటే దాన్ని కిందికి పంపే సన్న గొట్టం, అదే షంట్, కూడా వేశారు, ఇక గండం గడిచిందనుకుని ఇంటికి వస్తాం. మేమూ అలాగే వచ్చాం. ఎనిమిదో నెలలో మా పాప డైపర్ నాలుగైదు గంటలు పొడిగా ఉండేది. మా అత్తయ్యగారైతే "పిల్ల ఎంత బుద్ధిమంతురాలో, పక్క తడపదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేవారు. ఆ నెలలోనే జ్వరం వచ్చింది, స్కానింగ్ తీయిస్తే రెండు కిడ్నీలూ వాచి ఉన్నాయి. మూత్రం బయటికి రాలేక వెనక్కి తంతోందన్నమాట. డిశ్చార్జ్ కాగితంలో కింద ఎక్కడో "యూరాలజీ ఫాలో అప్" అని, అంటే మూత్ర సమస్యల డాక్టరుకి చూపిస్తూ ఉండమని, ఒక ముక్క ఉంది. దాని అర్థం మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

నేను డాక్టర్ని కాదు, ఎనిమిదేళ్ళకు పైగా మూత్రం తీయడానికి రోజుకి ఐదారుసార్లు ట్యూబు వేస్తూ వచ్చిన తల్లిని. మందు డోసు, ట్యూబు సైజు మీ డాక్టరు చెప్పాల్సిందే, మొదటిసారి ట్యూబు వేయడం కూడా నర్సు పక్కన ఉండి చూపించాల్సిందే. వాళ్ళు చూపించి పంపించేశాక ఇంట్లో ఒక్కళ్ళే మిగిలినప్పుడు వచ్చే సందేహాల కోసం ఇది రాస్తున్నాను.

ముందు లోపల సంగతి. మూత్రాశయం ఒక సంచి, దాని కింద ఒక కుళాయి. నిండేటప్పుడు సంచి వదులుగా, కుళాయి బిగుతుగా ఉండాలి. పోసేటప్పుడు సంచి బిగిసి కుళాయి వదలాలి. ఈ రెండింటికీ కబుర్లు మోసే నరాలు వెన్నుపాము అడుగున ఎస్2, ఎస్3, ఎస్4 అనే చోట్ల నుంచి వస్తాయి. మన పిల్లల గడ్డ ఎక్కువగా నడుము దగ్గర, దాని కిందే ఉంటుంది కాబట్టి ఈ నరాలు దెబ్బతినకుండా మిగలడం అరుదు. కాళ్ళు చక్కగా ఆడుతున్నాయి కదా, మూత్రం సంగతి కూడా బాగానే ఉంటుందిలే అనుకోకండి, ఆ లెక్క ఇక్కడ పనిచేయదు, పరిగెత్తే పిల్లల్లో కూడా మూత్రాశయం పాడైన వాళ్ళుంటారు.

కొందరికి కుళాయి వదులు, ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. చూడ్డానికి ఇబ్బందే, వాసన, పుండ్లు, బడిలో నామోషీ, అన్నీ ఉంటాయి, కానీ కిడ్నీలకు అంత భయం లేదు. అసలు భయం రెండో రకంతోనే: సంచి బిగదీసుకుంటుంది, అదే సమయంలో కుళాయీ బిగుసుకుంటుంది. మూత్రం కారే ముందు లోపలి ఒత్తిడి 40 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాటేదాకా పోతోందంటే కిడ్నీలకు ముప్పు అని డాక్టర్లు లెక్క చూస్తారు. ఇదంతా నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా జరుగుతుంది. స్పర్శ లేని చోట పిల్ల ఏడవదు కూడా. కాబట్టి తడి గురించి తరవాత ఆలోచిద్దాం, ముందు ఒత్తిడి సంగతి తేల్చుకోవాలి.

దానికి మొదటి పని పరీక్షలు. పుట్టిన కొద్దిరోజులకే కిడ్నీలకు అల్ట్రాసౌండ్. ఆ తరవాత రెండు మూడు నెలల వయసులో, వీపు ఆపరేషన్ తాకిడి తగ్గాక, యూరోడైనమిక్స్ అనే పరీక్ష అడగండి. సన్నటి ట్యూబు మూత్రాశయంలో పెట్టి సెలైన్ మెల్లగా నింపుతూ ఒత్తిడి కొలుస్తారు, మలద్వారంలో ఇంకో సన్న ట్యూబు ఉంటుంది. చూసే మనకే భయం, పిల్లలకి పెద్దగా నొప్పి ఉండదు, ఫోన్‌లో కార్టూన్ పెట్టి పాలసీసా చేతికిస్తే చాలావరకు గడిచిపోతుంది. మూత్రం కిడ్నీల వైపు వెనక్కి పోతోందా అని చూసే ఎక్స్‌రే ఎంసీయూ, కిడ్నీ మీద మచ్చలున్నాయా అని చూసేది డీఎంఎస్ఏ స్కాన్. ఇంకో సంగతి, కిడ్నీల పనితీరు చూడటానికి చేసే రక్తపరీక్షలో క్రియాటినిన్ నార్మల్ వచ్చిందని నిశ్చింతగా కూర్చోకండి. క్రియాటినిన్ కండల నుంచి వస్తుంది, మన పిల్లల కాళ్ళలో కండ తక్కువ, అందుకని కిడ్నీ సగం దెబ్బతిన్నా కాగితం మీద అంకె బాగానే కనిపించవచ్చు. సిస్టాటిన్ సి అనే పరీక్షకి ఆ చిక్కు లేదు, అది చేయించమంటారా అని అడగండి.

ఖర్చు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పిల్లలకి ప్రభుత్వం ఉచితంగా పరీక్షలు, వైద్యం చేయించే పథకం ఒకటుంది, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, దాని జాబితాలో న్యూరల్ ట్యూబ్ డిఫెక్ట్ ఉంది, అంటే మన పిల్లల సమస్యే. అంగన్‌వాడీకి వచ్చే ఆ టీమ్‌తో మాట్లాడి జిల్లాలో ఇలాంటి పిల్లల్ని చూసే డీఈఐసీ సెంటర్‌కి రిఫరల్ రాయించుకోండి. వికలాంగుల సర్టిఫికెట్ సంగతి కూడా వాయిదా వేయకండి, బడికీ, పెన్షన్‌కీ, రైలు రాయితీకీ అన్నింటికీ అదే అడుగుతారు.

ఇప్పుడు అసలు పని. మూత్రాశయాన్ని గడియారం చూసి ఖాళీ చేయడం. డాక్టర్లు దీన్ని సీఐసీ అంటారు, అంటే సన్న ట్యూబు వేసి, మూత్రం తీసేసి, వెంటనే ట్యూబు బయటికి తీసేయడం. పగలు మూడు నాలుగు గంటలకోసారి. చాలాచోట్ల పుట్టిన కొద్దిరోజులకే మొదలుపెట్టించి, పరీక్షల్లో ఒత్తిడి తక్కువని తేలితే అప్పుడు ఆపిస్తారు. "ఇంత పసిబిడ్డకి ట్యూబా" అని చుట్టాలు అంటారు, అననివ్వండి. ఏడాది లోపు మొదలుపెట్టిన పిల్లలకి అది స్నానం చేయించినట్టు అలవాటైపోతుంది, ఐదేళ్ళకి మొదలుపెడితే రోజూ ఒక యుద్ధమే.

ఆపరేషన్ థియేటర్‌లో లాగా స్టెరైల్ గ్లవ్స్ తొడుక్కోవాలేమో, ఇంట్లో ఎలా కుదురుతుంది అని నేను నెలరోజులు మథనపడ్డాను. అక్కర్లేదు. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీకి చెందిన జాక్ లాపిడెస్ అనే యూరాలజిస్టు 1972లోనే ఇది చెప్పాడు: స్టెరైల్ కాకపోయినా శుభ్రంగా ఉంటే చాలు, వేళకి ఖాళీ చేయడమే ముఖ్యం, ఎందుకంటే నిండి సాగిపోయిన మూత్రాశయంలోనే ఇన్ఫెక్షన్ పాతుకుంటుంది. ప్రపంచంలో ఇంత మంది పిల్లల కిడ్నీలు నిలబడటానికి ఆ ఒక్క మాట పెద్ద కారణం.

కావలసినవి: ట్యూబు, నీటిలో కరిగే జెల్లీ, సబ్బు, నీళ్ళు, కొలతలున్న మగ్గు లేదా గ్లాసు, చిన్న తువ్వాలు. మన ఊళ్ళ మెడికల్ షాపుల్లో పిల్లల సైజు క్యాథెటర్, అంటే మూత్రం తీయడానికే చేసిన ట్యూబు, తరచుగా దొరకదు, ఎక్కువమంది వాడేది ఇన్‌ఫెంట్ ఫీడింగ్ ట్యూబే, చంటిపిల్లలకి ఆరో నంబరు, కాస్త పెద్దయ్యాక ఎనిమిది, ఇంకా పెద్దయ్యాక పది, అలా. మీ నంబరు డాక్టరుతో చీటీ మీద రాయించుకోండి. ఎర్ర రబ్బరు క్యాథెటర్ మాత్రం ఇస్తే వద్దనండి, ఎందుకో తరవాత చెప్తాను. కొబ్బరినూనె, వాజలీన్ రాయకండి, అవి నీటిలో కరగవు.

చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి, గాజులు పైకి తోసుకోండి, ఉంగరం తీసేయండి. ఆ చోటు సబ్బు నీళ్ళతో ముందు నుంచి వెనక్కి తుడవండి, డెటాల్ నీళ్ళు వద్దు, చర్మం మండి పుండవుతుంది. ట్యూబు కొన రెండంగుళాల మేర జెల్లీ రాయండి, రెండో కొన మగ్గులో పెట్టండి. ముందే పెట్టండి, మరిచిపోతే పరుపు మీదకే.

ఆడపిల్లయితే మడతలు రెండు వేళ్ళతో పైకీ పక్కకీ విడదీసి చూడండి, మూత్రద్వారం పైన చిన్న చుక్కలా ఉంటుంది, దాని కింద యోనిద్వారం. మొదట్లో అందరం తప్పే వేస్తాం. ట్యూబు లోపలికి పోయింది కానీ చుక్క రాలేదంటే యోనిలోకి పోయినట్టు. దాన్ని తీయకండి, అక్కడే ఉంచి ఇంకో శుభ్రమైన ట్యూబు తీసుకుని దాని పైనున్న చుక్కలో వేయండి, అప్పుడిక గురి తప్పదు. మా నర్సమ్మ చెప్పిన ఈ ఒక్క చిట్కాతో నా సగం టెన్షన్ పోయింది.

మగపిల్లాడయితే అంగాన్ని పొట్టకేసి నిటారుగా పట్టుకోండి, అప్పుడు లోపలి దారి వంపు సరిగ్గా సాగుతుంది. ముందు చర్మం ఎంత వెనక్కి వస్తే అంతే, బలవంతం వద్దు, పని అయ్యాక మళ్ళీ ముందుకి లాగడం మరిచిపోవద్దు, లేకపోతే వాచిపోతుంది. మెల్లగా తోస్తూ పోతే కుళాయి దగ్గర ఒకచోట ఆగుతుంది. అక్కడ గుచ్చకండి. అలాగే పట్టుకుని ఆగండి, వాడితో దగ్గించండి, లేదా ఊపిరి మెల్లగా వదలమనండి, కుళాయి వదలగానే ట్యూబు తనంతట తనే జారుతుంది.

మూత్రం రావడం మొదలయ్యాక ఇంకో ఒకటి రెండు సెంటీమీటర్లు తోయండి, అంతే. ఫీడింగ్ ట్యూబు పొడుగ్గా, మెత్తగా ఉంటుంది, ఎక్కువ దూరం తోస్తే లోపల చుట్టలు చుట్టుకుని ముడిపడిపోయే ప్రమాదం ఉంది, అలా ముడిపడితే ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే. ధార ఆగగానే లాగేయకండి. అర సెంటీమీటరు వెనక్కి లాగి ఆగండి, మళ్ళీ వస్తుంది. ఇంకాస్త లాగండి, మళ్ళీ కొంచెం. ఈ చివరి చుక్కల్లోనే ఇన్ఫెక్షన్ ఉంటుంది, అవి తీయకుండా హడావుడిగా లాగేసిన రోజులకి మనం తరవాత జ్వరంతో కడతాం. అంతా అయ్యాక ట్యూబు వేలితో మడిచి నొక్కిపట్టి బయటికి తీయండి. చారలా రక్తం ఒకటి రెండుసార్లు కనిపిస్తే కంగారు లేదు, గడ్డలుగా వచ్చినా, ఆగకుండా వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

పొత్తికడుపు నొక్కి మూత్రం తీసే పద్ధతి పాత తరం వాళ్ళు కొందరు ఇంకా చెప్తారు. చేయకండి. కుళాయి బిగుసుకున్న పిల్లలకి మనం పైనుంచి నొక్కితే ఆ ఒత్తిడంతా పోయేది కిడ్నీలకే.

ట్యూబు ఒక్కసారి వాడి పారేయమనే ప్యాకెట్ మీద ఉంటుంది, కొనగలిగితే అదే మంచిది. మన దగ్గర చాలామంది కడిగి మళ్ళీ వాడతారు, నేనూ వాడాను, మా డాక్టరుకి చెప్పే చేశాను. వాడిన వెంటనే సబ్బునీళ్ళు లోపలనుంచి పోయేలా కడిగి, మంచినీళ్ళతో రెండుమూడుసార్లు జాడించి, నీళ్ళు విదిలించి, శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టి, మూతపెట్టే పొడి డబ్బాలో పెట్టండి. తడిగా మూతపెడితే ఆ డబ్బానే క్రిముల పుట్ట. గట్టిపడినా, మసకబారినా, కొన గరుకుగా తగిలినా పారేయండి. ఎన్ని రోజులు వాడొచ్చో మీ డాక్టరుని అడిగి ఆ మాట మీదే ఉండండి.

ఇంక నోటు పుస్తకం. తీసిన ప్రతిసారీ టైము, ఎన్ని మిల్లీలీటర్లు, మధ్యలో డైపర్ తడిసిందా, ఈ మూడూ రాయండి. డైపర్ తడిని వంటింటి కాటా మీద తూచొచ్చు, పొడి డైపర్ బరువు తీసేస్తే మిగిలిన ప్రతి గ్రామూ సుమారు ఒక మిల్లీలీటరు. పిల్లల మూత్రాశయం ఎంత పట్టాలో ఒక లెక్క ఉంది: వయసుకి ఒకటి కలిపి 30తో గుణించండి. ఐదేళ్ళ పిల్లకి 180 మిల్లీలీటర్లు. మీరు తీసేది రోజూ 250 వస్తోందంటే గంటల వ్యవధి ఎక్కువైందని. 60 మాత్రమే వస్తూ మధ్యలో డైపర్ కూడా తడుస్తోందంటే సంచి సాగడం లేదని, లేదా ఇన్ఫెక్షన్ ఉందని. రెండూ డాక్టరుకి చెప్పాల్సిన విషయాలే. పొద్దున లేవగానే తీసేది మిగతా వేళలకన్నా బాగా ఎక్కువగా ఉంటే రాత్రి కూడా ఒకసారి లేవమంటారు, లేదా రాత్రంతా ట్యూబు ఉంచి బయట తగిలించిన ప్లాస్టిక్ సంచిలోకి వదలమంటారు. రాత్రి ట్యూబు పెట్టాక మా పాప కిడ్నీ వాపు ఆరు నెలల్లో తగ్గింది.

సంచి బిగదీసుకోకుండా ఇచ్చే మందు ఎక్కువగా ఆక్సీబ్యుటినిన్. బరువుని బట్టి డోసు, రోజుకి రెండు మూడుసార్లు. నోరు ఎండిపోతుంది, మలబద్ధకం పెరుగుతుంది, ముఖం ఎర్రగా కందుతుంది. మన ఎండలకి దీని అసలు ఇబ్బంది వేరే, చెమట తగ్గిపోతుంది. మే నెల మధ్యాహ్నం పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే జ్వరమని పారాసిటమాల్ వేసి ఊరుకోకండి, ముందు నీడకి తీసుకొచ్చి తడిగుడ్డతో తుడిచి, నీళ్ళు తాగించి, అరగంట తరవాత మళ్ళీ థర్మామీటరు పెట్టండి. తడి ఆగింది కదా అని మందు మాత్రం మీరే ఆపేయకండి, ఆ మందు వేసేది కిడ్నీ కోసం.

మలబద్ధకం గురించి నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. పేగు నిండి ఉంటే అది పక్కనున్న మూత్రాశయాన్ని నొక్కుతుంది, మూత్రం కారుతుంది, ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. భోజనం అయిన అరగంటకి, కాళ్ళు నేలకో పీటకో ఆనేలా, రోజూ ఒకే వేళకి కూర్చోబెట్టండి. కుదరకపోతే లాక్టులోజో ఎనిమానో డాక్టరు చెప్తారు. పేగు దారికి వచ్చిన నెలలో మా ఇంట్లో డైపర్ల ఖర్చు సగానికి తగ్గింది, ఏ మందూ మార్చకుండానే.

లేటెక్స్ సంగతి. పసితనం నుంచి ఇన్ని ఆపరేషన్లు, ఇన్ని గ్లవ్స్ తగలడం వల్ల మన పిల్లలకి రబ్బరు పాల అలర్జీ మామూలు పిల్లలకన్నా చాలా ఎక్కువ. ఎర్ర రబ్బరు ట్యూబు వద్దన్నది అందుకే, పీవీసీ లేదా సిలికాన్ వాడండి. పుట్టినరోజు బెలూన్లూ అంతే. మా పాప రెండో పుట్టినరోజున బెలూన్ నోట్లో పెట్టుకుంది, పది నిమిషాల్లో పెదాలు గారెల్లా ఉబ్బాయి. అరటిపండు తిన్నాక నోరు దురద పెడుతోందంటే అదీ ఈ రబ్బరు అలర్జీకి సంబంధించిందే అయుండొచ్చు, డాక్టరుకి చెప్పండి. ఏ ఆస్పత్రికి వెళ్ళినా ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర పెన్నుతో "లేటెక్స్ వద్దు" అని పెద్దగా రాసి చూపించండి.

ఇన్ఫెక్షన్ దగ్గర చాలామందిమి మోసపోతాం. ట్యూబు వేసే పిల్లల మూత్రంలో క్రిములు, పస్ సెల్స్ (చీము కణాలు) దాదాపు ఎప్పుడూ ఉంటాయి. జ్వరం లేదు, నొప్పి లేదు, కొత్తగా కారడం లేదు, ఊరికే రిపోర్టులో పస్ సెల్స్ ఉన్నాయంటే యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఒక ఏడాది మా ఊళ్ళో ఒక క్లినిక్‌లో అలా ఐదు కోర్సులు వేయించాం, ఆరోసారి నిజంగా జ్వరం వచ్చినప్పుడు నోటి మందులేవీ పనిచేయలేదు, ఆస్పత్రిలో పడుకుని సూదులు వేయించాల్సి వచ్చింది. జ్వరం, వాంతులు, నడుము నొప్పి, ఉన్నట్టుండి ఎక్కువ కారడం, ఇవి ఉంటే ఆగకండి. కొత్త ట్యూబుతో తాజాగా తీసిన మూత్రం కల్చర్‌కి, అంటే ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకి, ఇచ్చి, ఆ తరవాతే మందు మొదలుపెట్టించండి. డైపర్‌లోంచి పిండినది, అంటించే సంచిలో పట్టినది కల్చర్‌కి పనికిరాదు. బార్లీ నీళ్ళు తాగించండి, మంచిదే, మందు బదులు మాత్రం కాదు. షంట్ ఉన్న పిల్లకి జ్వరంతో పాటు వాంతులు, మత్తుగా పడుకోవడం, తలనొప్పి ఉంటే మూత్రం పరీక్ష రిపోర్టు కోసం కూర్చోకండి, న్యూరోసర్జన్ ఉన్న చోటికి వెళ్ళండి.

ఇన్ని చేసినా ఒత్తిడి తగ్గకపోతే తరవాతి మెట్లున్నాయి. మూత్రాశయం గోడలోకి కండని సడలించే బొటాక్స్ సూదులు, కొన్ని నెలలు పనిచేస్తాయి, మళ్ళీ వేయించుకోవాలి. వీల్‌చైర్‌లో ఉండి కింద నుంచి ట్యూబు వేసుకోలేని పిల్లలకి అపెండిక్స్‌తో బొడ్డు దగ్గరికి చిన్న దారి చేస్తారు, 1980లో ఫ్రాన్స్ సర్జన్ మిత్రోఫనోఫ్ చెప్పిన పద్ధతి, ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇక పేగు ముక్క అతికి మూత్రాశయాన్ని పెద్దది చేసే ఆపరేషన్ ఆఖరి మెట్టు. అది చేయించుకున్నాక జిగురు చేరుతుంది, సెలైన్‌తో కడగాలి, రాళ్ళు రావచ్చు, ఒక్క పూట ట్యూబు మానినా సంచి చిల్లుపడే భయం ఉంది, వాళ్ళకి కడుపునొప్పి వస్తే గ్యాస్ మాత్ర వేసి చూద్దాం అనుకునే వీలే లేదు.

బడి. టీచరుకి "ఆరోగ్య సమస్య" అని నసగకుండా, పదకొండింటికి పదిహేను నిమిషాలు, తలుపు గడియ పడే బాత్రూమ్, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు, ఈ మూడూ కావాలని సూటిగా అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అది మన పిల్లల హక్కు, దయ కాదు. ఆరేడేళ్ళు వచ్చేసరికి పిల్లలకే నేర్పడం మొదలుపెట్టండి. మొదట జెల్లీ రాయడం, తరవాత కడగడం, ఆ తరవాత ట్యూబు. ఆడపిల్లకి చేతి అద్దం ఇవ్వండి, గోడకి ఆనుకుని కూర్చుని అద్దంలో చూసుకుంటూ వేసుకుంటుంది, నెల తిరిగేసరికి అద్దం పక్కన పడేసి వేలి గురుతుతోనే వేసుకుంటుంది. మా పాప నాకన్నా చక్కగా వేసుకుంటుంది. నోటు పుస్తకంలో రాయడానికి మాత్రం మహా బద్ధకం, ఆ గొడవ మా ఇంట్లో ఇంకా రోజూ ఉంది.

ఇంకో బిడ్డ కావాలనుకునే తల్లులు గర్భం రాకముందే, కనీసం నెల ముందు నుంచి, ఎక్కువ డోసు ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి, మామూలు తల్లులకి చెప్పే 400 మైక్రోగ్రాములు మనకి చాలవు, డాక్టరు 4 లేదా 5 మిల్లీగ్రాములు రాస్తారు. నెల తప్పాక మొదలుపెడితే ఆలస్యమే, వెన్ను మూసుకునేది మొదటి నాలుగు వారాల్లో.

ఎత్తు గబగబా పెరిగే వయసులో ఉన్నట్టుండి కారడం ఎక్కువైనా, నడక మారినా, నడుము నొప్పి అన్నా వెన్నుపాము కింద అతుక్కుని లాగుతోందేమో చూడాలి, మళ్ళీ ఎంఆర్ఐ, మళ్ళీ యూరోడైనమిక్స్. అది లేకపోయినా స్కానింగ్ ఆరు నెలలకో ఏడాదికో డాక్టరు చెప్పిన వేళకి చేయించాల్సిందే, పిల్ల ఎంత హుషారుగా ఉన్నా. పాత స్కాన్లన్నీ తేదీల వరసలో ఒకే ఫైలులో పెట్టుకెళ్ళండి. ఓపీలో మనకి దొరికేది ఐదు నిమిషాలు, డాక్టరు అడక్కపోయినా నోటు పుస్తకం తెరిచి ఆయన ముందు బల్ల మీద పెట్టండి.